ముప్పై ఏళ్లకు ప్రిన్సిపాల్, ముప్పై ఎనిమిదికి రాజీనామా: విద్యాసాగర్ ఉద్యోగ పర్వం

1851 జనవరిలో కలకత్తా సంస్కృత కళాశాలలో ఒక కొత్త పదవి ఏర్పడింది. అంతవరకు ఆ సంస్థను ఒక కార్యదర్శి, ఒక సహాయ కార్యదర్శి నడిపేవారు. ఆ రెండు పదవులనూ రద్దు చేసి, వాటి స్థానంలో ప్రిన్సిపాల్ అనే ఒకే పదవిని అధికారులు సృష్టించారు. నెలకు 150 రూపాయల జీతంపై ఆ పదవిలో నియమితులైన వ్యక్తి వయసు అప్పటికి ముప్పై ఏళ్లు. పదేళ్ల కిందటి వరకు ఆయన అదే కళాశాల విద్యార్థి. ఇంటిపేరు బంద్యోపాధ్యాయ, పెట్టిన పేరు ఈశ్వరచంద్ర. పాండిత్యానికి గుర్తింపుగా లభించిన విద్యాసాగర్ అనే బిరుదే చివరికి అసలు పేరై నిలిచింది.

వితంతు పునర్వివాహ చట్టాన్ని సాధించిన సంస్కర్తగా ఆయనను పాఠ్యపుస్తకాలు పరిచయం చేస్తాయి. ఆ చట్టం వచ్చిన 1856లో ఆయన కళాశాల ప్రిన్సిపాల్‌గాను, నాలుగు జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టర్‌గాను ఏకకాలంలో పనిచేస్తున్న ప్రభుత్వోద్యోగి అన్న సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. ఆయన ఆ పదవులను ఎలా అందుకున్నారు, వాటితో ఏం చేశారు, ఎనిమిదేళ్లు నిండకుండానే ఎందుకు వదులుకున్నారు అన్నది వితంతు వివాహ ఉద్యమానికి తీసిపోని కథ.

విద్యాసాగర్ 1820 సెప్టెంబరు 26న బీర్‌సింహ గ్రామంలో జన్మించారు. అది నేటి పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపుర్ జిల్లాలో ఉంది. తండ్రి ఠాకూర్‌దాస్ కలకత్తాలో చాలీచాలని జీతంతో గుమాస్తాగిరీ చేసేవారు. తల్లి భగవతీదేవి. ఎనిమిదేళ్ల ప్రాయంలో తండ్రి వెంట కాలినడకన కలకత్తాకు వస్తూ, దారి పొడవునా మైలురాళ్లపై చెక్కిన అంకెలను చూసి ఆంగ్ల సంఖ్యలు నేర్చుకున్నారన్న కథ బెంగాల్‌లో పిల్లలందరికీ తెలుసు. 1829 జూన్‌లో సంస్కృత కళాశాలలో చేరి పన్నెండేళ్లకు పైగా అక్కడే చదివారు. వ్యాకరణం, సాహిత్యం, అలంకారశాస్త్రం, వేదాంతం, స్మృతి, న్యాయం, జ్యోతిషం ఒకదాని తరువాత ఒకటిగా ముగించారు. ఆ చదువులో ఏది ఉపయోగపడింది, ఏది కాలం తినేసింది అన్న లెక్క విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయన మనసులో పడి ఉండాలి. తరువాతి కాలపు సంస్కరణలు చూస్తే అలాగే అనిపిస్తుంది.

1841 డిసెంబరులో ఫోర్ట్ విలియం కళాశాలలో ప్రధాన పండితునిగా నెలకు 50 రూపాయల ఉద్యోగం దొరికింది. ఇంగ్లండు నుంచి వచ్చిన యువ ఉద్యోగులకు బెంగాలీ నేర్పడం ఆ పని. వారికి పాఠం చెబుతూనే ఆయన ఇంగ్లిషు, హిందీ నేర్చుకున్నారు. ఆ కళాశాల కార్యదర్శి కెప్టెన్ మార్షల్‌కు ఈ యువ పండితునిపై నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం తరువాత పలుమార్లు అక్కరకు వచ్చింది.

1846లో ఆయన సంస్కృత కళాశాలకు సహాయ కార్యదర్శిగా తిరిగి వచ్చారు. పాఠ్యక్రమాన్ని మార్చాలంటూ ప్రతిపాదనలు రాశారు. కార్యదర్శి రసమయ్ దత్తా వాటిలో చాలావాటిని పక్కన పెట్టారు. బాధ్యత తనది, అధికారం మరొకరిది అన్న స్థితి విద్యాసాగర్‌కు మింగుడుపడలేదు. 1847లో ఉద్యోగం వదిలేశారు. ఇల్లు ఎలా గడుస్తుందని అడిగినవారికి, కూరగాయలమ్మి అయినా బతుకుతానే తప్ప గౌరవం లేని కొలువు చేయనని సమాధానమిచ్చారని చెబుతారు. ఆ కాలానికే చెందిన మరో కథ కూడా ప్రచారంలో ఉంది. హిందూ కళాశాల ప్రిన్సిపాల్ కెర్‌ను కలవడానికి వెళ్లినప్పుడు ఆ దొర బూట్ల కాళ్లు బల్లపై చాపి మాట్లాడారట. కొద్దిరోజులకు కెర్ తన గదికి వచ్చినప్పుడు విద్యాసాగర్ చెప్పుల కాళ్లను అలాగే బల్లపై పెట్టి ఆయనను నిలబెట్టే మాట్లాడారట. పై అధికారులు సంజాయిషీ కోరితే, అది ఆంగ్లేయుల మర్యాద అనుకుని పాటించానని జవాబిచ్చారట.

ఉద్యోగం పోయిన ఆ రోజుల్లో ఆయన చేసిన పని, కూరగాయల కథ కన్నా ముఖ్యమైనది. మిత్రుడు మదనమోహన్ తర్కాలంకార్‌తో కలిసి 600 రూపాయలు అప్పు తెచ్చి సంస్కృత ముద్రణాలయం ప్రారంభించారు. భారతచంద్రుని అన్నదామంగళ్ కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేశారు. ఫోర్ట్ విలియం కళాశాల తరఫున మార్షల్ ప్రతి ఒక్కటి ఆరు రూపాయల చొప్పున వంద ప్రతులు కొనడంతో అప్పు తీరిపోయింది. పుస్తకాలు అమ్మి బతకవచ్చన్న ధైర్యం అప్పుడే వచ్చింది. జీతం మీద ఆధారపడని మనిషి జీతమిచ్చేవారితో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. తరువాతి పదేళ్లలో విద్యాసాగర్ రాసిన అధికారిక లేఖలను ఈ సంగతి దృష్టిలో పెట్టుకునే చదవాలి.

1850 చివరలో సంస్కృత కళాశాలలో సాహిత్యాచార్య పదవి ఖాళీ అయింది. విద్యామండలి కార్యదర్శి డాక్టర్ మౌయట్ ఆయనను పిలిచారు. విద్యాసాగర్ మొదట సుముఖత చూపలేదు. ప్రిన్సిపాల్‌కు ఉండే అధికారాలు ఇచ్చేట్టయితేనే వస్తానని షరతు పెట్టి, ఆ మేరకు లిఖితపూర్వకంగా తెలియజేశారు. డిసెంబరులో ఆచార్యునిగా చేరి, అదే నెల 16న కళాశాల పునర్వ్యవస్థీకరణపై సవివరమైన నివేదిక సమర్పించారు. దాంతో రసమయ్ దత్తా తప్పుకున్నారు. కొత్త పదవి విద్యాసాగర్‌కు దక్కింది. పదవి ఇవ్వండి, పని చూపిస్తాను అని ఆయన అడగలేదు. చేయబోయే పనిని ముందుగా కాగితం మీద పెట్టారు, దానికి తగిన అధికారం తరువాత వచ్చింది.

పదవిలోకి రాగానే అందరికీ కనిపించిన మార్పు సెలవు దినానిది. అంతవరకు పాడ్యమి, అష్టమి తిథుల్లో కళాశాల మూసేవారు. ఆయన ఆదివారాన్ని సెలవుగా నిర్ణయించారు. ప్రవేశ రుసుము, తరువాత నెలవారీ రుసుము పెట్టారు. ఉచితంగా దొరికే చదువును విద్యార్థులు ఎప్పుడు పడితే అప్పుడు మానేస్తున్నారన్నది ఆయన అభిప్రాయం. ఇవి పైపై మార్పులు. అసలు మార్పు వ్యాకరణంలో జరిగింది. సంస్కృతం నేర్చుకునే పిల్లవాడు బోపదేవుని ముగ్ధబోధాన్ని, అంటే సంస్కృతంలోనే రాసిన సంస్కృత వ్యాకరణాన్ని, అర్థం తెలియకుండా సంవత్సరాల తరబడి వల్లె వేసేవాడు. భాష రాకముందే ఆ భాషలోని సూత్రాలు కంఠస్థం చేయాలి. విద్యాసాగర్ బెంగాలీలో ఉపక్రమణిక అనే చిన్న వ్యాకరణాన్ని, దాని తరువాత వ్యాకరణ కౌముదిని రాశారు. తెలిసిన భాష ద్వారా తెలియని భాషలోకి నడిపించాలన్న ఈ సూత్రం ఈనాడు చాలా మామూలుగా కనిపిస్తుంది. ఆనాడు దాన్ని సంప్రదాయ పండితుల కళాశాలలో అమలు చేయడానికి ప్రిన్సిపాల్ అధికారం కావలసి వచ్చింది. గణితాన్ని లీలావతి నుంచి కాక ఆధునిక గ్రంథాల నుంచి నేర్పించడం, ఇంగ్లిషును తప్పనిసరి చేయడం కూడా ఆ వరుసలోనివే.

ప్రవేశాల విషయంలో ఆయన చరిత్ర మిశ్రమంగా ఉంది. 1824లో స్థాపించిన నాటి నుంచి ఆ కళాశాలలో బ్రాహ్మణులకు, వైద్యులు అనే కులం వారికి మాత్రమే చోటుండేది. శాస్త్రప్రకారం శూద్రులుగా లెక్కించే వైద్యులను చేర్చుకుంటున్నప్పుడు కాయస్థులను కాదనడానికి కారణం లేదని విద్యాసాగర్ వాదించారు. 1851లో వారికి ద్వారం తెరుచుకుంది. 1854 చివరికి గౌరవనీయ కుటుంబాలుగా పరిగణించే హిందువులందరికీ ప్రవేశం లభించింది. ఆ గౌరవనీయ అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయారు. మరుసటి ఏడాది సువర్ణవణిక కులానికి చెందిన విద్యార్థి దరఖాస్తు వచ్చినప్పుడు దాన్ని ఆయన సమర్థించలేదు. ఆ కులానికి సమాజంలో ఉన్న స్థానాన్ని, కళాశాల పరువును కారణాలుగా చూపారు. ఆయనను ఆరాధించేవారు ఈ లేఖను దాటవేస్తారు, విమర్శించేవారు దాన్ని ఒక్కదాన్నే చదువుతారు. అధికారంలో ఉన్న సంస్కర్త తాను గెలవగలనని అంచనా వేసుకున్న పోరాటాలను ఎంచుకున్నాడని, ఇది ఆ లెక్కలో చేరలేదని భావించడం సమంజసంగా తోస్తుంది. అది సమర్థన మాత్రం కాదు.

1853లో కాశీ సంస్కృత కళాశాల ప్రిన్సిపాల్ బాలంటైన్ వచ్చి ఈ కళాశాలను పరిశీలించారు. పొగుడుతూనే, పాఠ్యగ్రంథాల్లో కొన్ని మార్పులు సూచించారు. తూర్పు పడమటి తత్త్వాలు ఒకటేనని విద్యార్థులకు చూపించాలన్నది ఆయన ఆశయం. బర్క్‌లీ గ్రంథాన్ని పాఠ్యంగా పెట్టమన్నారు. విద్యాసాగర్ పంపిన ప్రత్యుత్తరం పండితలోకాన్ని ఉలిక్కిపడేలా చేయగలిగింది. వేదాంతం, సాంఖ్యం అసత్య దర్శనాలని, అయినా కొన్ని కారణాల వల్ల వాటిని బోధించక తప్పదని, అందుకే వాటికి విరుగుడుగా పనికివచ్చే పాశ్చాత్య తర్కం కావాలని, వేదాంతానికి దగ్గరగా వచ్చే బర్క్‌లీ వల్ల ఆ ప్రయోజనం నెరవేరదని ఆయన రాశారు. జంధ్యం వేసుకుని, ముతక ధోవతి, ఉత్తరీయంతో కళాశాలకు వచ్చే బ్రాహ్మణ ప్రిన్సిపాల్ సంస్కృత దర్శనాలపై ఇచ్చిన తీర్పు అది. దాని వెనుక ఉన్న ఉద్దేశం మాత్రం స్పష్టం. సంస్కృతంలో గట్టి పట్టు, పాశ్చాత్య శాస్త్రాల్లో పరిచయం ఉన్నవారు తయారైతేనే చక్కటి బెంగాలీలో చదువు చెప్పగల ఉపాధ్యాయులు పుడతారని ఆయన నమ్మకం. కళాశాల ఆయన దృష్టిలో ఉపాధ్యాయులను పండించే నారుమడి.

ఆ నారు నాటవలసిన పొలాలు పల్లెల్లో ఉన్నాయి. 1854లో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా వచ్చిన హాలిడే దేశభాషా పాఠశాలల పట్ల ఆసక్తి చూపారు. ఆ ఏడాదే చార్లెస్ వుడ్ విద్యాపత్రం లండన్ నుంచి వెలువడింది. చదవడం, రాయడం, చిన్నపాటి లెక్కలతో సరిపెట్టకుండా భూగోళం, చరిత్ర, జీవిత చరిత్రలు, జ్యామితి, ప్రకృతిశాస్త్రం, శరీరధర్మశాస్త్రం వరకు అన్నీ మాతృభాషలోనే నేర్పాలని విద్యాసాగర్ ఒక ప్రణాళిక తయారు చేసి ఇచ్చారు. 1855 మే 1న ఆయనకు అదనంగా పాఠశాలల అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ బాధ్యత అప్పగించారు. తరువాత దాన్ని దక్షిణ బెంగాల్ ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ పదవిగా మార్చారు. అప్పటికి 300కు పెరిగిన ప్రిన్సిపాల్ జీతానికి మరో 200 చేరి నెలకు 500 రూపాయలయ్యాయి. ఆ రోజుల్లో భారతీయ ఉద్యోగికి అది చాలా పెద్ద మొత్తం.

నదియా, బర్ద్వాన్, హుగ్లీ, మేదినీపుర్ జిల్లాలు ఆయన పరిధిలోకి వచ్చాయి. పల్లకీలోనూ కాలినడకనా ఊళ్లు తిరిగి, బడికి స్థలం, భవనం సమకూర్చే గ్రామాలను ఎంపిక చేశారు. 1855 ఆగస్టు నుంచి 1856 జనవరి వరకు, ఆరు నెలల లోపే, జిల్లాకు ఐదు చొప్పున ఇరవై నమూనా పాఠశాలలు తెరిచారు. వాటికి ఉపాధ్యాయులు కావాలి కాబట్టి 1855 జులై 17న ఉపాధ్యాయ శిక్షణకు నార్మల్ స్కూలు ప్రారంభించి, హేతువాది, విజ్ఞాన రచయిత అక్షయకుమార్ దత్తాను ప్రధానోపాధ్యాయునిగా తెచ్చారు. పుస్తకాలు కావాలి కాబట్టి వాటిని తానే రాశారు. వర్ణపరిచయ్ మొదటి భాగం ఆ ఏడాది ఏప్రిల్‌లో, రెండోది జూన్‌లో వచ్చాయి. బోధోదయ్, కథామాల, చరితావళి పల్లెబడుల చేతికి అందాయి.

వర్ణపరిచయ్ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. బెంగాలీలో ఎవరూ పలకని దీర్ఘ ౠకారాన్ని, దీర్ఘ ౡకారాన్ని ఆయన అచ్చుల పట్టిక నుంచి తీసివేశారు. అనుస్వార విసర్గలను హల్లుల్లోకి మార్చారు. క్ష సంయుక్తాక్షరం కనుక దానికి విడిగా స్థానం అక్కరలేదన్నారు. బెంగాలీ నాలుక పలుకుతున్నా పట్టికలో లేని ధ్వనులకు చుక్క గుర్తులున్న అక్షరాలను చేర్చారు. సంస్కృత పండితుడే సంస్కృత వర్ణమాల నీడ నుంచి తన భాషను బయటకు తీసుకురావడం విశేషం. ఆ అక్షరాల లెక్క తెలుగులో ఇప్పటికీ పలకల మీద, పెద్దబాలశిక్షలో కొనసాగుతున్న సంగతి గుర్తున్నవారికి ఆ తెగువ ఎంతటిదో తెలుస్తుంది.

బాలికల చదువులో ఆయనకు అనుభవం కొత్త కాదు. 1849లో బెథూన్ కలకత్తాలో స్థాపించిన బాలికల పాఠశాలకు 1850 డిసెంబరు నుంచి గౌరవ కార్యదర్శిగా ఉన్నారు. నగరంలో మొదలైనదాన్ని పల్లెకు తీసుకువెళ్లాలన్నది తదుపరి అడుగు. హాలిడే ప్రోత్సహించారు, అయితే ఆ ప్రోత్సాహం నోటిమాటగానే మిగిలింది. ప్రభుత్వం ఖర్చు భరిస్తుందన్న నమ్మకంతో 1857 నవంబరు నుంచి 1858 మే మధ్య విద్యాసాగర్ 35 బాలికల పాఠశాలలు తెరిచారు. హుగ్లీలో 20, బర్ద్వాన్‌లో 11, మేదినీపుర్‌లో 3, నదియాలో 1. సుమారు 1,300 మంది బాలికలు చేరారు. ఆడపిల్ల అక్షరం నేర్చుకుంటే విధవరాలవుతుందన్న భయం ఇంటింటా ఉన్న కాలంలో, ఏడు నెలల్లో, ఊళ్ల పెద్దలు సమకూర్చిన ఇళ్లలో ఆ సంఖ్య సాధ్యమైంది. మొత్తం బడుల నిర్వహణకు నెలకు 845 రూపాయలు ఖర్చు.

ఆ 845 రూపాయల దగ్గరే కథ అడ్డం తిరిగింది. ముందస్తు మంజూరు లేకుండా బడులు ఎలా తెరిచారని విద్యాశాఖ డైరెక్టర్ గోర్డన్ యంగ్ అభ్యంతరం లేవదీశారు. నిబంధనల ప్రకారం ఆయన తప్పు పట్టడానికి వీలుంది కూడా. పాఠశాలలకు గ్రాంటు కావాలంటే స్థానికంగా చందాలు చూపాలి, బాలికలు రుసుము చెల్లించాలి. ఆడపిల్లను బడికి పంపడమే గొప్ప అనుకునే ఊళ్లలో రుసుము ప్రసక్తి వస్తే బడి మూతపడుతుందని విద్యాసాగర్‌కు తెలుసు. హాలిడే సిఫారసు చేశారు. కానీ 1857 తిరుగుబాటుతో ఖజానా ఖాళీ అయిన భారత ప్రభుత్వం నిధులకు నిరాకరించింది. పైవాడి మాట నమ్మి కింద పనిచేసినవారు మధ్యలో నిలిచిపోయారు. అందులో అందరికంటే ఇరుకున పడినవారు జీతం రాని పల్లెటూరి పంతుళ్లు. తనను చూసి చేరినవారికి తానే బాధ్యుడినని విద్యాసాగర్ ప్రభుత్వానికి పదేపదే రాశారు. చివరకు ఆ ఏడాది డిసెంబరులో బకాయిల కింద 3,439 రూపాయలు చెల్లించడానికి ప్రభుత్వం అంగీకరించింది. ఆ తరువాతి ఖర్చు మాత్రం తనది కాదని స్పష్టం చేసింది.

అప్పటికే ఆయన కొలువు వదిలి వెళ్లిపోయారు. 1858 ఆగస్టు 5న రాజీనామా పంపారు. పత్రంలో ప్రధానంగా చూపిన కారణం అనారోగ్యం. ఎడతెగని పర్యటనలతో ఆరోగ్యం దెబ్బతిన్న మాట నిజమే. పదోన్నతికి అవకాశం లేదని, అమలవుతున్న విద్యావిధానంతో తన మనసు కలవడం లేదని కూడా తెలియజేశారు. ఆ భాగాన్ని తొలగించమని హాలిడే కోరినా అంగీకరించలేదు. నవంబరు 3న కళాశాల బాధ్యతలు కొవెల్‌కు అప్పగించి బయటకు వచ్చారు. వయసు ముప్పై ఎనిమిది. పింఛను లేదు. వితంతు వివాహాలు జరిపించడానికి చేసిన అప్పులు అప్పటికే పెరుగుతున్నాయి. ఆయన సాధించిన గ్రామీణ పాఠశాలల గురించి ప్రభుత్వం కొన్ని మంచి మాటలు రాసి పంపింది.

బాలికల బడుల కోసం నారీశిక్షా భండార్ అనే నిధి ఏర్పాటు చేసి, చందాలు సేకరించి, తన పుస్తకాల ఆదాయం కలిపి కొన్నింటిని నడిపించారు. అన్నింటినీ కాపాడలేకపోయారు. ఇదే కాలంలో ప్రజా విద్యపై ప్రభుత్వం అభిప్రాయమడిగినప్పుడు, ఉన్న కొద్దిపాటి వనరులను పై వర్గాల చదువుకు సమగ్రంగా వెచ్చించడమే ఆచరణీయమని 1859లో ఆయన రాసిన సమాధానం నేటికీ చర్చనీయాంశమే. ఆకలితో ఉన్న శ్రామికుడు పిల్లవాడిని బడికి పంపలేడన్నది ఆయన పరిశీలన. పల్లెబడుల కోసం పదవినే పణంగా పెట్టిన మనిషి అలా రాయడం వెనుక సిద్ధాంతం కంటే ఓటమి ఎక్కువగా ధ్వనిస్తుంది.

ఆయన మళ్లీ ప్రభుత్వ కొలువులో చేరలేదు. 1861 నుంచి ఒక చిన్న ప్రైవేటు పాఠశాల నిర్వహణ భారం ఆయనపై పడింది. 1864లో దానికి మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్ అని పేరు మారింది. అక్కడ విద్యార్థులను కొట్టడం నిషేధం. రుసుము తక్కువ. భారతీయ అధ్యాపకులు మాత్రమే ఇంగ్లిషు పాఠాలు చెప్పగలరా అన్న అనుమానాల మధ్య 1872లో కళాశాల స్థాయి, 1879లో బి.ఎ. స్థాయి సంపాదించింది. సివిల్ సర్వీసు నుంచి తొలగింపునకు గురైన సురేంద్రనాథ్ బెనర్జీకి ఆచార్య పదవి ఇచ్చి నిలబెట్టింది ఆ సంస్థే. పై అధికారి లేని ప్రిన్సిపాల్ ఉద్యోగం లాంటిదాన్ని విద్యాసాగర్ తనకు తానే కల్పించుకున్నారు.

1866లో ఆంగ్ల విద్యావేత్త మేరీ కార్పెంటర్‌తో కలిసి ఉత్తరపాడా బాలికల పాఠశాల చూసి తిరిగివస్తుండగా బగ్గీ బోల్తాపడి ఆయన తీవ్రంగా గాయపడ్డారు. ఆ తరువాత ఆరోగ్యం పూర్తిగా కోలుకోలేదు. తెలుగుదేశంలో కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచే నాటికి విద్యాసాగర్ ప్రజాజీవితం నుంచి మెల్లగా తప్పుకుంటున్నారు. ఆ కందుకూరికే తరువాత దక్షిణదేశపు విద్యాసాగరుడన్న పేరు వచ్చింది.

చివరి దశాబ్దాల్లో ఎక్కువ కాలం ఆయన నేటి ఝార్ఖండ్‌లోని కర్మాటాడ్‌లో, సంథాలుల మధ్య గడిపారు. వారికి హోమియో మందులు ఇస్తూ, పెద్దలకు రాత్రి బడి నడిపారు. 1891 జులై 29న కలకత్తాలో కన్నుమూశారు. మెట్రోపాలిటన్ సంస్థ ఇప్పుడు విద్యాసాగర్ కళాశాల. కర్మాటాడ్ రైల్వే స్టేషను పేరు కూడా విద్యాసాగర్ అయింది.